బొంత మీద పన్నెండు నెలలు

కాస్త అటు జరగండి, మీ నీడ మంచం మీద పడుతోంది. ఆ బీరువా పక్కన గోడకి ఆనుకుని నిలబడితే గది అంతా కనిపిస్తుంది. గొంతు తగ్గించక్కర్లేదు. నీళ్ళు పోయించుకుని, కడుపునిండా పాలు తాగి పడుకుంది, మామూలు మాటలకి లేవదు. వంటింట్లో గిన్నె జారిందంటే మాత్రం నిద్రలోనే రెండు చేతులూ బార్లా చాపి ఉలిక్కిపడుతుంది. ఈ వయసు పిల్లలందరికీ ఉండేదే, కొన్ని నెలలకి అదే పోతుంది.

మనం ఉన్నది తణుకులో, మా అమ్మ ఇంట్లో. చవితి పందిళ్ళు ఇంకా విప్పలేదు. టైము ఎనిమిదిన్నర. మా చెల్లెలి కూతురికి ఇవాళ్టితో నెల నిండింది. బారసాలనాడు పేరు పెట్టారు గానీ ఇంట్లో అందరికీ అది పండే. తొలి కాన్పు కాబట్టి ఐదో నెల దాకా తల్లీ పిల్లా ఇక్కడే ఉంటారు. నేనుండేది పక్క వీధిలోనే. నెల నిండినప్పుడల్లా పిల్లకి తీసే ఫొటోల పని నాది.

కిటికీ చూడండి. తూర్పు కిటికీ, ఎండ సూటిగా పడే వేళ. అందుకే నాన్న పాత పంచె ఒకటి చువ్వలకి కట్టాం. అది లేకపోతే వెలుగు ఒక చెంప మీద మండిపోయి రెండో చెంప చీకటి పడిపోయేది. ఇటువైపు అమ్మ తెల్ల దుప్పటి మడత పట్టుకుని నిలబడింది కదా, కిటికీ వెలుగు దానికి తగిలి వెనక్కి వచ్చి ముక్కు కింద, మెడ మడతల్లో ఉన్న నీడని పల్చబరుస్తోంది. ఒక్కసారి దుప్పటి దించమంటాను, తేడా మీరే చూడండి. చూశారా? దించగానే మొహం సగం మాయమైంది. స్టూడియోలో గొడుగులూ తెల్ల అట్టలూ పెట్టి చేసేది ఇదే పని. ఫోను మీద ఫ్లాష్ ఆపేశాను. ఈ కిటికీ ఉండగా దానితో పనిలేదు.

పిల్ల పడుకున్నది బొంత మీద. మా అమ్మమ్మ కుట్టింది. మెత్తబడిపోయిన నేతచీరలు నాలుగు పొరలు వేసి, అంచు నుంచి అంచుకి దారం పోగులు వరసగా లాగింది. ఒక్కో వరసకీ నాలుగు వేళ్ళ ఎడం. ముదురు నీలం, మధ్యలో వెలిసిపోయిన కుంకుమరంగు. బజారులో నెలల అంకెలు అచ్చువేసిన పిల్లల దుప్పట్లు దొరుకుతాయి, చెల్లెలు కొందామనే అంది. నాకు ఇదే కావాలనిపించింది. ప్రతి నెలా ఇదే బొంత పరుస్తాం, తల ఇదే ఎర్ర అంచుకి తగిలేలా పడుకోబెడతాం. ఇవాళ కాళ్ళు కాస్త ముడుచుకున్నా మడమలు ఏడో వరస దగ్గరున్నాయి. పుట్టినప్పుడు యాభై సెంటీమీటర్లున్న బిడ్డ ఏడాదికి ఇంచుమించు డెబ్భై ఐదు అవుతుంది. మొదటి ఏడాదిలో అంత ఎదుగుదల. ఎదురుగా రోజూ చూస్తుంటే తెలియదు గానీ, చోటూ బొంతా మారకుండా ఉంచితే ఫొటోలో మారేది పిల్ల ఒక్కతే అవుతుంది. ఎన్ని అలంకారాలు పెట్టుకున్నా ఈ ఒక్కటి వదులుకోకూడదని నా గట్టి నమ్మకం.

అమ్మ పెరట్లోంచి నందివర్ధనాలు కోసుకొచ్చింది. వాటితో పిల్ల పక్కన, చెయ్యి అందనంత దూరంలో ఒకటి వేస్తున్నాం. ఇంగ్లీషు అంకె కాదు, మన ౧. తలకట్టు తీసేసిన గ ఎలా ఉంటుందో అలా, కింద తెరిచి ఉండే వంపు. నీలం మీద తెల్ల పూలు బాగా తేలాయి. నెలనెలా ఆ రుతువులో ఇంటికి వచ్చే పువ్వో కాయో ఆకో తీసుకుని తెలుగు అంకె పేర్చాలన్నది ఏర్పాటు. పన్నెండూ పక్కపక్కన పెడితే పిల్ల ఏడాదీ ఊరి ఏడాదీ కలిసి కనబడతాయి.

"అక్కా, ఇలా ఒకటి తీద్దామే," అంటూ చెల్లెలు ఫోను చూపిస్తోంది. మీరూ తొంగిచూడండి. పసికందు మోచేతులు ఆనించి, రెండు అరచేతుల మధ్య గడ్డం పెట్టుకుని నిద్రపోతున్న ఫొటో. ఎక్కడ చూసినా ఇదే. అది ఒక ఫొటో కాదు, రెండు. ఒకదాంట్లో ఎవరో తల పట్టుకుంటారు, ఇంకోదాంట్లో మణికట్లు పట్టుకుంటారు, తరవాత కంప్యూటర్లో రెండూ కలిపి పెద్దవాళ్ళ చేతులు చెరిపేస్తారు. నెల పిల్ల మెడ తల బరువు మొయ్యలేదు. ఇంట్లో ఎవరూ అలా కూర్చోబెట్టి ప్రయత్నించకూడదు. "మన పండు వెల్లకిలా పడుకుంటేనే బాగుంటుందిలే," అన్నాను. చెల్లెలు ఫోను పక్కన పెట్టేసింది.

నిటారుగా పైనుంచి తీయాలి, అందుకని ముక్కాలిపీట ఎక్కుతున్నాను. ఫోనుకి తాడు కట్టి మణికట్టుకి రెండు చుట్లు వేశాను. చెయ్యి జారితే అది పడేది పిల్ల మొహం మీదే. "ఆగు ఆగు," అంటూ అమ్మ దుప్పటి మంచం మీద పడేసి కాటుక భరిణె పట్టుకొచ్చింది. చెంప మీద దిష్టిచుక్క, అరికాల్లో ఇంకోటి. చెల్లెలు నా వైపు చూసింది. ఉంచమన్నాను. అరికాలి చుక్క ఫొటోలో ఎంత ముద్దుగా పడిందో! కంట్లో మాత్రం పెట్టనివ్వలేదు. కాటుక కంటికి మంచిది కాదని పిల్లల డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, అమ్మ కూడా ఈసారికి ఒప్పుకుంది.

బారసాలకి పెట్టిన మొలతాడూ వెండి మురుగులూ తప్ప ఒంటి మీద ఏమీ లేదు, నడుముకి తెల్ల గుడ్డ చుట్టాం. ఇదుగో, పెదవి వంకర తిరిగింది. నిద్రలో వచ్చే నవ్వు. నొక్కాను.

*

ఆశ్వయుజం వచ్చేసింది, అంకె బంతిపూలతో. రెండో నెలలో పెద్ద సంగతి నవ్వు. నిద్రలో దానంతటది వచ్చిపోయేది కాదు, మనిషిని చూసి నవ్వే నవ్వు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. మీరు నా పక్కన కూర్చుని చూడండి, ఫోను ఎత్తగానే మొహం మారిపోతుంది. ఫోను వెనక నా మొహం కనబడదు మరి. ఆ నల్లటి పలకని చూసి ఎందుకు నవ్వాలి? అందుకని నవ్వించే మనిషి వేరు, తీసే మనిషి వేరు. చెల్లెలు తన బుగ్గని నా ఫోనుకి ఆనించి "ఏమ్మా, ఏమ్మా పండమ్మా" అంటోంది. పండు చూస్తున్నది వాళ్ళమ్మని, ఫొటోలో మనల్ని చూస్తున్నట్టే ఉంటుంది. పుట్టిన కొత్తలో బిడ్డకి బాగా కనిపించే దూరం ఇరవై, ముప్ఫై సెంటీమీటర్లే, పాలు తాగుతూ తల్లి మొహం చూసే దూరం. ఇప్పుడు చూపు ఇంకాస్త సాగింది గానీ, దగ్గరగా వంగిన మొహాన్ని మించినది దానికి ఇంకా ఏదీ లేదు. బొత్తం నొక్కిపట్టి వరసగా తీసేస్తున్నాను. నవ్వు మొదలయ్యే ముందు కళ్ళు పెద్దవవుతాయి, ఆ క్షణమే నాకు కావాలి.

కార్తీకంలో ఉసిరికాయలు పేర్చాం. బోర్లా వేస్తే తల ఎత్తి, ఊగిస్తూ, మళ్ళీ బొంత మీద ఆనించేసింది. ఆ మాసం ఇంతకంటే చెప్పుకోవలసింది లేదు.

*

ఇప్పుడు ధనుర్మాసం. వీధిలో ముగ్గులు, ముగ్గుల్లో గొబ్బెమ్మలు. ముందుగదిలో బొంత పరిచి పసుపు చేమంతులతో ౪ పేరుస్తుండగా చెల్లెలు "అమ్మా!" అని కేక వేసింది. పండు బోర్లాపడింది. మనం చూస్తుండగానే, పక్కకి తిరిగి, కాలు పైకి వేసి, నడుం తిప్పి, అంతా అయ్యాక ఒక చెయ్యి ఒంటికింద ఇరుక్కుపోతే దాన్ని లాక్కోవడానికి మూలుగుతోంది. చేమంతుల్లో సగం దాని పొట్టకింద నలిగిపోయాయి. మళ్ళీ పేర్చొద్దని చెప్పాను. ఆ నలిగిన నాలుగే తీశాను. నాకు ఈ పన్నెండిట్లో అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

అమ్మ అప్పుడే వంటింట్లోకి వెళ్ళి శనగపప్పు కొలుస్తోంది. బోర్లాపడితే బొబ్బట్లు చెయ్యాలి కదా. రండి, గడప దగ్గర కూర్చుందాం, చెబుతూ చేస్తుంది. కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు. ఇంటింటికీ కాస్త తేడా ఉంటుంది. చేసినది ఇంట్లో తినెయ్యరు, ఇరుగుపొరుగుకి పంచుతారు. "మీ చెల్లెలు నడవగానే మీ నాయనమ్మ ఎన్ని అరిసెలు వండించిందో తెలుసా, వీధి చివరిదాకా ఇచ్చాం," అంటోంది అమ్మ, బెల్లం దంచుతూ.

ఇది విన్నాక నాకు ఫొటోల సంగతి ఇంకోలా తోచింది. మనం పేర్చే అంకె నెలది. నెల నిండడానికి పిల్ల చేసిందేమీ లేదు, రోజులు గడిచాయి, నిండింది. బొబ్బట్టు అలా కాదు. పిల్ల తనంతట తాను ఒక పని చేసేదాకా పొయ్యి మీదికి ఎక్కదు. మన అమ్మమ్మలు క్యాలెండర్ని కాక బిడ్డని చూసి పండగ చేశారు. అప్పట్నుంచి అమ్మకి ఒక పని అప్పజెప్పాను. ప్రతి నెలా ఫొటో ప్రింటు తీయించి ఇస్తాను, వెనక వైపు పెన్సిలుతో ఆ నెలలో పండు ఏం చేసిందో రాయాలి. ముందు పక్క నెల, వెనక పక్క పిల్ల.

ఆ రాత్రి మా మరిది, పండు వాళ్ళ నాన్న, హైదరాబాదు నుంచి వచ్చాడు. కరెంటు పోయింది, పిల్లని ఎత్తుకున్న ఆనందంలో చీకట్లోనే ఫ్లాష్ వేసి తీసుకున్నాడు. "వదినగారూ, కళ్ళు ఎర్రగా పడ్డాయేంటండీ?" అని కంగారుగా ఫోను తెచ్చాడు. ఎర్రగా పడితే మంచిదే అని చెప్పాను. వెలుగు కంటి లోపలికి వెళ్ళి, వెనక పొరకి తగిలి, అక్కడి రక్తనాళాల రంగుతో తిరిగి వస్తే ఎర్రగా కనబడుతుంది. ఒక కన్ను ఎర్రగా, రెండో కంటి పాప తెల్లగా, అదీ మళ్ళీ మళ్ళీ అలాగే పడుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా కంటి డాక్టరుకి చూపించాలి. బిడ్డ పక్కచూపు చూస్తున్నప్పుడు మంచి కంట్లో కూడా ఒక్కోసారి తెల్లగా పడొచ్చు, అంతమాత్రానికి భయపడక్కర్లేదు. కానీ శుక్లం ఉన్నా, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరు ఉన్నా మొదట కనబడే గుర్తు చాలాసార్లు ఇదే. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే బ్రయాన్ షా కొడుక్కి ఈ జబ్బే వచ్చింది. తరవాత ఆయన ఇంట్లో తీసిన ఫొటోలన్నీ వరసగా తిరగేసి చూస్తే, పన్నెండు రోజుల వయసులో తీసిన ఫొటోలోనే కంట్లో ఆ తెలుపు దొరికింది. ఆ బాధలోంచే, ఫోన్లో ఉన్న ఫొటోల్ని వెతికి తెల్ల కంటిపాపని పట్టిచ్చే యాప్ తయారు చేయించాడు. మన దగ్గర హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలో ఈ జబ్బుకి వైద్యం ఉంది. తొందరగా తెలిస్తే ప్రాణమే కాదు, చాలామందికి చూపు కూడా దక్కుతుంది. ముద్దుగా తీసుకున్న ఫొటోని ఒకసారి కళ్ళ దగ్గర పెద్దది చేసి చూడటం ప్రతి తల్లీ తండ్రీ అలవాటు చేసుకోవాలి.

*

భోగి సాయంత్రానికి రండి. ఇల్లు నిండిపోయింది. అరుగు మీద పీట, పీట మీద బొంత మడత, దాని మీద చెల్లెలి ఒళ్ళో పండు, పట్టు పరికిణీలో మునిగిపోయి ఉంది. ఇత్తడి పళ్ళెంలో రేగుపళ్ళు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిరేకులు, రాగి రంగు పోయిన పాత నాణేలు. పొద్దు గుంకుతోంది. చీకటి పడితే చేతుల కదలిక, పళ్ళు జారటం అన్నీ మసకబారిపోతాయి కాబట్టి "ముందు పోసెయ్యండి, పాటలు తరవాత పాడుకుందురుగాని," అని పెద్దవాళ్ళని బతిమాలుకున్నాను. పెద్దమేనత్త మూడుసార్లు తిప్పి నెత్తిమీంచి వదిలింది. రేగుపండు ఒకటి నుదుటికి తగిలి ఎగిరింది. పండు కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, ఆకాశం వైపు చూసింది, ఇవన్నీ ఎక్కడ్నుంచి పడుతున్నాయా అని. మీరు చూశారు కదా? నా ఫోన్లో కూడా ఉంది.

చెల్లెలు పక్కకి వంగుతోంది, ఫొటోలో పడకుండా. "నువ్వు కదలకు, నీ చేతులు కనబడాలి," అన్నాను. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఫొటో దిగడమంటే చాలాసేపు కదలకుండా ఉండాల్సి వచ్చేది. పసిపిల్లలు కదలకుండా ఉండరు గనక తల్లి మీద గుడ్డ కప్పి, కుర్చీ అనుకునేట్టు కూర్చోబెట్టి ఒళ్ళో బిడ్డని పెట్టి తీసేవారట. ఆ ఫొటోలు చూస్తే నాకు గుండె పట్టేస్తుంది. గుడ్డ కింద మనిషి ఆకారం తెలుస్తూనే ఉంటుంది, మొహం లేదు. మన ఇళ్ళలో ఇప్పుడు గుడ్డ కప్పరు గానీ, తల్లి పక్కకి తప్పుకుంటుంది, లేదా ఫోను పట్టుకుని వెనక ఉండిపోతుంది. ఏడాది తరవాత చూస్తే పిల్ల ఫొటోలు వందల్లో, తల్లీపిల్లల ఫొటోలు ఏ రెండో మూడో. నిద్రలేని కళ్ళతో, నలిగిన నైటీతో ఉన్నా సరే, ప్రతి నెలా ఒక ఫొటోలో చెల్లెలు ఉండాల్సిందేనని నేను పట్టుపట్టాను.

పోసినవన్నీ ఒక్కొక్కటీ ఏరేశాకే పిల్లని కింద దించాం. శనగగింజ చాలు గొంతుకి అడ్డం పడటానికి. మర్నాడు పొద్దున్న మిగిలిన రేగుపళ్ళతో ౫ పేర్చి కిటికీ పక్కన తీశాం, ఒక మనిషి అంకెకి కాపలా, ఒక మనిషి పిల్లకి.

కనుమ వెళ్ళాక తల్లీ పిల్లా హైదరాబాదులోని కూకట్‌పల్లి వెళ్ళిపోయారు. బొంత వాళ్ళ పెట్టెలో అడుగున పెట్టాను.

*

ఆరో నెల రథసప్తమి పక్కన వచ్చింది, చిక్కుడుకాయలతో అంకె. అది చెల్లెలే తీసి పంపింది. వాళ్ళ ఫ్లాటులో కిటికీ ఉత్తరానికి ఉంది, ఎండ నేరుగా పడదు కాబట్టి పంచె కట్టే పని కూడా లేదు, రోజంతా ఒకే తీరు వెలుగు.

ఏడో నెలకి మనం కూడా కూకట్‌పల్లిలోనే ఉన్నాం. మా వైపు ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాశన. హాలు మధ్యలో బొంత, ఎర్ర అంచు గోడవైపు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెండిగిన్నెలో పరమాన్నం ఉంగరంతో తీసి నాలుక్కి తగిలించాడు. పండు మొహంలో మొదట ఏమీ లేదు. తరవాత నాలుక బయటపెట్టి, లోపలికి లాగి, ఉంగరం పట్టుకున్న చెయ్యి వైపు ముందుకి వంగింది. ఇంకా కావాలి!

ఇప్పుడు వస్తువులు పెడుతున్నారు. పుస్తకం, కలం, బంగారం, డబ్బు, పువ్వు. అందరూ నిలబడి ఫోన్లు ఎత్తారు. మీరు నాతో కింద పడుకోండి. అవును, నేల మీద, గడ్డం ఆనించి, వస్తువులకి అవతల. పెద్దవాళ్ళ ఎత్తునుంచి తీస్తే పిల్ల నెత్తి పడుతుంది, చూపు పడదు. ఇక్కణ్ణుంచి చూడండి, ముందు మసగ్గా కలమూ బంగారమూ, వాటి వెనక రెండు చేతుల మీద లేచిన మొహం. ఏది పట్టుకుందన్నది పెద్దవాళ్ళకి ముఖ్యం. ఫొటోకి కావలసింది పట్టుకోవడానికి ముందు ఆ కాసేపు. అది పుస్తకం వైపు చూసి, బంగారం వైపు చూసి, ఏదీ ముట్టుకోకుండా బొంత అంచున వేలాడుతున్న దారప్పోగు పట్టుకుని లాగింది. నాయనమ్మ నవ్వి "నేతపని చేస్తుందేమోనమ్మా," అంది.

భోజనాల దగ్గర చుట్టాలావిడ ఒకరు, "మా మనవడు ఈపాటికి తనంతట తనే కూర్చున్నాడు, ఇది ఇంకా ఒరిగిపోతోందే," అన్నారు. చెల్లెలి మొహం చిన్నబోయింది. నేను ఊరుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికాల్లో ఆరోగ్యంగా ఎదుగుతున్న 816 మంది పిల్లల్ని నెలల తరబడి చూసి 2006లో ఒక లెక్క ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నెలల నుంచి 9.2 నెలల లోపు. ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల లోపు. చేతుల మీద, మోకాళ్ళ మీద పాకడం 4.3 శాతం మంది అసలు చెయ్యనే లేదు, వాళ్ళూ నడిచారు. ఆ గడువు దాటిపోతే డాక్టరుని అడగాలి గానీ, పక్కింటి పిల్లాడి ఫొటో చూసి బెంగపడకూడదు. ఈ నెలల ఫొటోల్లో నాకు నచ్చని సంగతి ఒకటుంటే అదే. ఒకళ్ళు పెట్టిన ఫొటో చూసి ఇంకో తల్లి రాత్రి నిద్ర పోగొట్టుకుంటుంది. ఒరిగిపోతున్న పిల్లని దిండ్లు ఆసరా పెట్టి కూర్చోబెట్టి "ఏడో నెల, కూర్చుంది" అని తీయడం నా చేత కాదు. పండు ఒరిగింది. ఒరిగినట్టే తీశాను, బియ్యంతో పేర్చిన ౭ మీదికి. ఒళ్ళంతా బియ్యపు గింజలు, బుగ్గ మీద రెండు.

*

ఎనిమిది ఉగాది దాటాక, మామిడి పిందెలతో, చెల్లెలొక్కతే తీసింది. పిందె ఒకటి నోట్లోకి పోతోంది. అది కూడా ఒక వార్తే, కింద రెండు పళ్ళు కనబడుతున్నాయి.

తొమ్మిదికి వేసవి సెలవులు, మళ్ళీ తణుకు. ఈ ఎండలకి ఆరున్నరకే మొదలుపెట్టాలి. పెరట్లో చాప, చాప మీద బొంత. తాటిముంజలు తెచ్చాం, అంకె పేర్చడం ఇలా పూర్తవుతోందో లేదో అలా పండు పాకుతూ వచ్చి ముంజెలో వేలు గుచ్చింది. నీళ్ళు చివ్వున మొహం మీద చిమ్మాయి. ఏడుస్తుందనుకున్నాం కదా? కిందిపెదవి వణికింది, తరవాత చెయ్యి చూసుకుంది, తరవాత ఇంకో ముంజెలో ఇంకో వేలు. మనం ఇక ఆపలేం. బొంత మీద పడుకోబెట్టడం ఈ నెలతో అయిపోయింది. వెల్లకిలా వేస్తే రెప్పపాటులో తిరిగేస్తోంది. అందుకని పద్ధతి మార్చాను, బొంతని దండెం మీద తెరలా ఆరేసి, దాని ముందు ముక్కాలిపీట పెట్టాం. పీట పట్టుకుని నిలబడింది. దారపు వరసలు ఇప్పుడు అడ్డంగా దాని వెనక ఉన్నాయి, ఎత్తు అక్కడే తెలుస్తోంది. ముంజె గుజ్జు మెదిపి కొంచెం నాలుక్కి రాశాం, ముక్కగా ఇవ్వలేదు.

నేరేడుపళ్ళ నెలా గోరింటాకు నెలా చెల్లెలివే. నేరేడు మరక బొంత మీద ఉండిపోయింది, ఎంత ఉతికినా పోలేదట. పోనివ్వకు అన్నాను.

మధ్యలో ఒకటి జరిగింది. నీళ్ళు పోసుకుంటున్న ఫొటో ఒకటి చుట్టాల వాట్సాప్ గుంపులో ఎవరో పెట్టారు, అక్కణ్ణుంచి ఎక్కడెక్కడికో వెళ్ళింది. చెల్లెలు గట్టిగానే చెప్పింది, ఒంటి మీద బట్టలేని ఫొటో ఏదీ ఇంటి గడప దాటకూడదని. సరైన మాట. ఈ ఫొటోలు తనకి నచ్చాయో లేదో చెప్పే వయసు పండుకి ఇంకా రాలేదు, వచ్చేదాకా ఆ గౌరవం మనమే కాపాడాలి.

*

శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి తెచ్చిన తమలపాకులు మిగిలాయి, వాటితో ౧౨. ఈసారి రెండు అంకెలు, పెద్దవిగా వేశాం. పిల్ల గొంతుకి అడ్డం పడేది ఏదీ లేకుండా ఆకులే మేలని అమ్మ ఏరికోరి పెట్టింది. బొంత మళ్ళీ నేల మీద పరిచి, నిద్రపోయాక ఒక్కసారి ఎర్ర అంచుకి తల ఆనించి పడుకోబెట్టాం. రండి, లెక్కపెట్టండి. వేళ్ళు పదో వరస దాటాయి. లేచాక ఆకులన్నీ ఒక్కొక్కటే తీసి వాళ్ళమ్మ చేతికి, అమ్మమ్మ చేతికి, నాయనమ్మ చేతికి, మీ చేతికి కూడా పంచిపెట్టింది. ఆ పంపకమే పన్నెండో ఫొటో. చెల్లెలు నవ్వుతూ అందులో ఉంది, జుట్టు రేగిపోయి.

సాయంత్రం చివరి ప్రింటు కూడా వచ్చింది. ఫోన్లో ఉన్నవి ఫోనుతోనే పోతాయి గనక నాకు కాగితం మీద ఉంటేనే నమ్మకం. నాలుగంగుళాలకి ఆరంగుళాలు, మెరుపు లేని కాగితం. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని, పన్నెండూ మంచం మీద వరసగా పేర్చుకుంది. వెనక రాసినవి ఒక్కొక్కటీ తిప్పి చదువుతోంది. "నాలుగు: బోర్లాపడింది, బొబ్బట్లు, పదకొండిళ్ళు." "ఏడు: పరమాన్నం ఇష్టం. దారం పట్టుకుంది." "తొమ్మిది: గడప దాటింది, గారెలు." చివరిది తీసి ఒళ్ళో పుస్తకం మీద పెట్టుకుని, ఆలోచించి, గుండ్రటి అక్షరాల్లో రాసింది. నా భుజం మీదుగా చదవండి.

"పన్నెండు: ఆకులు పంచింది. ఆసరా లేకుండా నిలబడింది. నడవలేదు. అరిసెలు బాకీ."